ఉరి మన ఇంటి సంగతేనా? బయటి చట్టానికి అందులో మాట ఉండాలా?

కృష్ణాతీరం (విజయవాడ)

మొన్న మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన గొడవ ఇది. అక్కడ తేలక ఇక్కడికి మోసుకొచ్చాను. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో ఐదుగురి ఉరిని తెలంగాణ హైకోర్టు ఖరారు చేసిన రోజు (2025 ఏప్రిల్ 8) మా బావమరిది "ఇంకా ఎన్నేళ్లు మేపుతారు వీళ్లని" అని విసుక్కున్నాడు. అదే మనిషి జులైలో, యెమెన్‌లో కేరళ నర్సుకు మర్నాడు జరగాల్సిన మరణశిక్ష వాయిదా పడిందని టీవీలో రాగానే "హమ్మయ్య! మనవాళ్లు గట్టిగా పట్టుకోవాలి, ఐరాసకైనా వెళ్లాలి" అన్నాడు. ఏ ఐరాసరా, మరణశిక్షల అమలు ఆపుదామని అక్కడ తీర్మానం వచ్చిన ప్రతిసారీ మనం వద్దనే ఓటేస్తున్నాం కదా అన్నాను. కూర గిన్నె నా వైపు జరిపి మాట మార్చేశాడు.

ఓట్ల లెక్క ఇదీ: 2007లో మొదటి తీర్మానానికి 104 దేశాలు సై, 54 నై. 2024 డిసెంబరుకి 130 సై, 32 నై. మన ఓటు మాత్రం ఉన్నచోటే ఉంది. మన ప్రతినిధులు చెప్పే కారణం ఒక్కటే, ఎవరి శిక్షాస్మృతి వాళ్ల ఇష్టం అని. సరే, మరి పాకిస్తాన్ మరణశిక్ష వేసిన కుల్‌భూషణ్ జాధవ్ కోసం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎందుకెళ్లాం?

ఉరి ఉండాలా వద్దా అన్న పాత పాట వద్దు, ఆ చర్చలు ఇక్కడ ఇప్పటికే నాలుగు నడిచాయి. బయటి చట్టం ఇందులో వేలు పెట్టొచ్చా, పెడితే ఎంతవరకు? అది చెప్పండి.

సీమబిడ్డ (కర్నూలు)

సూటిగా చెప్తా. పెట్టకూడదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం నేను మలక్‌పేట హాస్టల్లో ఉన్నా. మా రూమ్మేటు మిర్చి బజ్జీలకని 107 బస్టాపు కాడికి పోయినాడు. జనం ఎక్కువుండారని రోడ్డు దాటి అవతల బండికాడికి పోయినాడు, బతికినాడు. రాత్రికి తిరిగొచ్చినప్పుడు కాలికి ఒక చెప్పే ఉంది, ఆ సంగతి కూడా వానికి తెలీదు. పద్దెనిమిది మంది పోయినారు ఆ పూట. జెనీవాలో ఏసీ గదిలో కూర్చున్నోడు వచ్చి మా శిక్ష ఎక్కువైంది అంటే నేనెందుకు వినాల?

లాయర్_పద్మజ (హైదరాబాద్)

సీమబిడ్డ గారూ, మీ కోపాన్ని కాదనను. కానీ "బయటోడు" అన్న మాట దగ్గరే చిక్కుంది. ఆ బయటి చట్టాన్ని ఒప్పుకుంది మనమే. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ 1979 ఏప్రిల్‌లో చేరింది. దాని 6వ అధికరణ ఉరిని నిషేధించదు. రద్దు చేయని దేశాల్లో "అత్యంత తీవ్రమైన నేరాలకే" వేయాలంటుంది, నేరం నాటికి 18 నిండనివాళ్లకు వేయొద్దంటుంది, గర్భిణికి అమలు చేయొద్దంటుంది, క్షమాభిక్ష అడిగే హక్కు ఉండాలంటుంది. చేరేటప్పుడు మనం వేరే కొన్ని అధికరణల మీద మినహాయింపులు రాసుకున్నాం. 6వ దాని మీద ఒక్క ముక్క కూడా రాయలేదు. గర్భిణి విషయంలో మన చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ఆ ఉరిని హైకోర్టు యావజ్జీవంగా మార్చి తీరాలంటుంది.

పేచీ అంతా "అత్యంత తీవ్రమైన" అన్న మాట దగ్గర. 2018లో ఐరాస మానవ హక్కుల కమిటీ దానికి అర్థం చెప్పింది: ఉద్దేశపూర్వకంగా ప్రాణం తీసిన నేరాలు మాత్రమే. ఆ లెక్కన మాదకద్రవ్యాల కేసులు రావు, ప్రాణం పోని అత్యాచారం కేసులూ రావు. మన భారతీయ న్యాయ సంహిత పన్నెండేళ్ల లోపు పిల్లల మీద అత్యాచారానికి ఉరి రాసింది. కమిటీ వ్యాఖ్యానం మనల్ని కట్టేయదని ప్రభుత్వం అనొచ్చు, ఆ వాదన న్యాయంగా నిలబడుతుంది కూడా. కానీ "ఆ చట్టమే మాది కాదు" అనడం మాత్రం నిలబడదు.

డల్లాస్_బాబాయ్

చట్టం ఉండటం వేరు, ఎవడో ఒకడు దాన్ని వినడం వేరు. మా ఊరి నుంచి హంట్స్‌విల్ మూడు గంటల లోపు దారి, టెక్సాస్‌లో మరణశిక్షలన్నీ అక్కడే అమలవుతాయి. మెక్సికో 2003లో అమెరికాని హేగ్ కోర్టుకి ఈడ్చింది. అరెస్టయిన మావాళ్లకి "మీ కాన్సులేటుకి చెప్పుకోవచ్చు" అన్న మాట మీ పోలీసులు చెప్పలేదు, కాన్సులర్ సంబంధాల వియన్నా ఒప్పందం 36వ అధికరణ ప్రకారం చెప్పాలి, అని. 2004లో కోర్టు మెక్సికో పక్షాన తీర్పిచ్చింది, యాభై మందికి పైగా ఖైదీల కేసులు తిరిగి చూడమంది. బుష్ సాక్షాత్తూ టెక్సాస్ మనిషి, రాష్ట్రాలు పాటించాలని రాశాడు. టెక్సాస్ పట్టించుకోలేదు. 2008 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు, కాంగ్రెస్ చట్టం చేస్తే తప్ప హేగ్ తీర్పు మా కోర్టులను కట్టేయదంది. ఆగస్టు 5న ఆ మెక్సికో ఖైదీల్లో ఒకడైన మెడెయిన్‌కి ఇంజెక్షన్ ఇచ్చేశారు. మధ్యలో 2005లోనే అమెరికా, ఈ తగవులను హేగ్‌కి తీసుకెళ్లనిచ్చే ఆ అనుబంధ ఒప్పందం నుంచి బయటికి నడిచింది కూడా.

అంతకుముందు 1999లో అరిజోనాలో జర్మనీ దేశస్థుడి కేసు ఇంకా ఘోరం. ఆపమని హేగ్ ఉత్తర్వు ఇచ్చిన రోజే చంపేశారు. అదేదో సలహా అనుకున్నారట.

ఇంకోటి, ఇక్కడ మనవాళ్లు ఎవరూ మాట్లాడరు కాబట్టి చెప్తున్నా. పెన్సిల్వేనియాలో మన తెలుగు కుర్రాడొకడికి 2014లో మరణశిక్ష పడింది, పసిబిడ్డనీ నాయనమ్మనీ చంపిన కేసులో. పోయిందీ తెలుగువాళ్లే. ఆ రాష్ట్ర గవర్నర్లు 2015 నుంచి అమలు ఆపారు కాబట్టి జైల్లోనే ఉన్నాడు. మా సంఘం సంక్రాంతి సంబరాల్లో ఆ పేరు ఎత్తితే ముగ్గు చూస్తూ నిలబడతారు అందరూ.

గ్రూప్1_ఆశావహుడు

ఒక సందేహం. నిర్భయ దోషులు కూడా 2020 మార్చిలో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లారని చదివాను. అది ఏమైంది?

లాయర్_పద్మజ (హైదరాబాద్)

ఏమీ కాలేదు తమ్ముడూ, ఏమీ కాదు కూడా. ఆ కోర్టు మెట్లు దేశాలే ఎక్కాలి, మనుషులు కాదు. మార్చి 20 తెల్లవారుజామున తీహార్‌లో నలుగురినీ ఉరితీశారు. వాళ్ల తరఫున ఏ దేశం వస్తుంది? జాధవ్‌కి ఒక దేశం వెనకుంది, తేడా అదే.

కృష్ణాతీరం (విజయవాడ)

నేను రావాలనుకున్న చోటికే వచ్చారు పద్మజ గారూ. జాధవ్ కేసు ఒకసారి నెమరేసుకుందాం. 2016 మార్చిలో అరెస్టు, 2017 ఏప్రిల్ 10న పాక్ సైనిక కోర్టు మరణశిక్ష. మనవాళ్లు హేగ్‌కి పరిగెత్తారు, మే 18కల్లా ఆపమని ఉత్తర్వు తెచ్చారు. మన తరఫు లాయరు సాల్వే ఒక్క రూపాయి ఫీజు తీసుకున్నారని ఊరూవాడా చెప్పుకున్నాం. 2019 జులై 17న పదిహేను మంది జడ్జీలు ఒకవైపు, పాక్ తరఫున కూర్చున్న జడ్జి ఒక్కరు ఒకవైపు. కాన్సులర్ అనుమతి ఇవ్వండి, శిక్షను సమర్థంగా పునఃపరిశీలించండి, అప్పటిదాకా అమలు చేయొద్దు అన్నారు. శిక్ష కొట్టేయమని మనం అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. గూఢచారి కేసులకు ఈ హక్కు వర్తించదని పాక్ వాదించింది, కోర్టు అదీ తోసేసింది.

ఇప్పుడు చూడండి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఉరి పడిన ఐదుగురిలో ఒకడు పాకిస్తానీ. జాధవ్ కోసం మనం గెలిచిన ఆ సూత్రమే రేపు వాడికీ అక్కరకొస్తుంది. ఒప్పుకుంటామా?

సీమబిడ్డ (కర్నూలు)

ఎవరితో ఎవరిని పోలుస్తాండావన్నా! జాధవ్ నేరం చేయలా. వీడు జనాన్ని చంపినాడు, మన కోర్టులో రుజువైంది, లాయరుని కూడా మనమే పెట్టిచ్చినాం.

లాయర్_పద్మజ (హైదరాబాద్)

36వ అధికరణ అమాయకుడా కాదా అని అడగదండీ, పరాయి దేశస్థుడా కాదా అనే అడుగుతుంది. పాకిస్తాన్‌వాళ్లూ జాధవ్ గురించి అచ్చం మీరన్న మాటే అన్నారు, "మా కోర్టులో రుజువైంది" అని. మన న్యాయవ్యవస్థకూ అక్కడి సైనిక కోర్టుకూ హస్తిమశకాంతరం ఉందని నాకూ తెలుసు. కానీ ఆ తేడా చూపించుకోవాలంటే నియమం ముందు మనమే పాటించి చూపాలి.

బయటి మాట మన ఉరికంబం దాకా ఇప్పటికే వచ్చిందనడానికి ఇంకో సంగతి. 1993 ముంబై పేలుళ్ల కేసు అబూ సలేంని పోర్చుగల్ 2005 నవంబరులో మనకు అప్పగించింది. ఉరి వేయం, పాతికేళ్లకు మించి జైల్లో ఉంచం అని మనం మాట రాసిచ్చాకే అప్పగించింది. 2022 జులైలో సుప్రీంకోర్టు, ఆ మాట నిలబెట్టుకోవాల్సిందేనంది. మన నేరస్థుల అప్పగింత చట్టంలోనే 34సి అని ఒక సెక్షన్ ఉంది: అప్పగించే దేశంలో ఆ నేరానికి ఉరి లేకపోతే ఇక్కడా ఉరి బదులు యావజ్జీవమే. అంటే లండన్‌కో లిస్బన్‌కో పారిపోయినవాడికి ఉరి తప్పుతుంది. ఊళ్లోనే దొరికినవాడికి తప్పదు. ఇది నాకు రుచించదు, అయినా చట్టం అదే.

సీమబిడ్డ (కర్నూలు)

బాగుంది! విమానం టికెట్టు కొనుక్కోగలిగినోడికి ఒక న్యాయం, ఆర్టీసీ బస్సోడికి ఒక న్యాయం. దీన్నేనా మీరు చట్టం అనేది?

గల్ఫన్న (జగిత్యాల)

నేను పెద్దగ సదువుకోలే. గల్ఫ్‌ల పదమూడేండ్లు చేసిన, మొదట మేస్త్రి పని, తర్వాత ఫోర్‌మన్. మీరు ఒప్పందాలు, అధికరణలు అంటున్నరు. అవ్వి కిందికి ఎట్ల దిగుతయో నేను చెప్త.

మా క్యాంపుల రూముకు పది మందిమి. ఒక శుక్రారం నాడు తాగి కొట్లాటయ్యింది, ఒక బంగ్లాదేశ్ పిలగానికి తలకు దెబ్బ తాకింది. పోలీసోళ్లొచ్చి మావోళ్లను ముగ్గురిని పట్టుకపోయిన్రు. నాకు జర అరబ్బీ మాట్లాడొస్తదని కంపెనీ మందూబ్, అంటే సర్కారు ఆఫీసుల పనులు చూసేటోడు, నన్ను తోల్కపోయిండు. ఏ ఊరో, ఏ ఠాణో చెప్ప. బల్లమీద కాయితం ఉన్నది, మొత్తం అరబ్బీల. మావోనికి తెలుగే సక్కగ సదువరాదు. "దస్తకత్ పెట్టు, ఇంటికి పంపుతరు" అని ఎవలో హిందీల చెప్పిన్రట, బొటనవేలు ముద్రేసిండు. వేలికి ఇంక సిరా ఆరలే, లుంగికి రుద్దుకుంటున్నడు. మందూబ్ ఆ కాయితం సదివి నా చెవుల చెప్పిండు, అండ్ల "నేనే కొట్టిన" అని రాసి ఉన్నదట.

పిలగాడు బతికిండు కాబట్టి ఆర్నెల్లకు ముగ్గురు బయటవడ్డరు. సచ్చిపోతే ఆ ముద్రనే తలకాయ తీసేది. ఎంబసీకి ఫోన్ చేసుకోవచ్చని ఆ ముగ్గురికి ఎవలన్న చెప్పిన్రా? చెప్పలే. నాకే ఎర్కలేదప్పుడు.

ఇంగోటి. ఆడ చంపిన కేసుల చట్టంకన్న సచ్చినోళ్ల ఇంటోళ్ల మాట పెద్దది. వాళ్లు దియ్యా, అంటే పానానికి బదులు పైసలు, తీసుకొని మాఫ్ చేస్తే పానం దక్కుతది. సిరిసిల్ల దిక్కు ఐదుగురి ముచ్చట మీకు ఎర్కనే గద, దుబాయ్‌ల నేపాల్ వాచ్‌మన్ కేసు. వాళ్లది జైలుశిక్షనే గని, ఇక్కడోళ్లు నేపాల్ దాక పోయి ఆ ఇంటోళ్లకు పైసలిచ్చి మాఫీ కాయితం తెచ్చినా, పద్దెనిమిదేండ్లకు గని ఇంటి మొకం సూడలే. పోయేటప్పుడు కడుపుల ఉన్న పిల్ల కాలేజీకి పోయే ఈడుకొస్తది అంత టైముల.

డల్లాస్_బాబాయ్

గల్ఫన్నా, దండం. మేం ఇక్కడ తీర్పులు వల్లిస్తున్నాం.

గ్రూప్1_ఆశావహుడు

నోట్సులో రాసుకున్నది చెప్తాను, తప్పైతే పద్మజ మేడం దిద్దాలి. సౌదీ, యూఏఈ, సింగపూర్, మలేసియా ఆ పౌరహక్కుల ఒప్పందంలో చేరనే లేదు. చైనా సంతకం పెట్టి ఆమోదించలేదు. అంటే మనవాళ్లు ఎక్కువగా వెళ్లే చోట్లే ఆ చట్టం లేదు. అక్కడ మిగిలేది గల్ఫన్న చెప్పిన కాన్సులేటు హక్కు ఒక్కటే. ఖతార్ 2018లో చేరింది. కానీ అక్కడ మన ఎనిమిది మంది మాజీ నౌకాదళ సిబ్బందికి (ఒకాయన విశాఖ వాసి) 2023 అక్టోబరులో మరణశిక్ష పడి, డిసెంబరులో తగ్గి, 2024 ఫిబ్రవరిలో విడుదలైంది ఒప్పందం వల్లనా, ఢిల్లీ దోహా మాటామంతీ వల్లనా?

ఇంకోవైపు ఫిలిప్పీన్స్ ఉంది. 2006లో ఉరి రద్దు చేసి, 2007లో రద్దు ఒప్పందం మీద కూడా ముద్ర వేసింది. డుటెర్టే అధ్యక్షుడయ్యాక తిరిగి తేవాలని దిగువ సభలో 2017లో బిల్లు గెలిపించుకున్నారు. ఆ ఒప్పందంలోంచి బయటికొచ్చే దారి రాసి లేదు, సెనేట్‌లో బిల్లు ఆగిపోయింది. అక్కడ బయటి చట్టం అడ్డుగోడలా నిలబడిందనే నాకనిపిస్తోంది.

లాయర్_పద్మజ (హైదరాబాద్)

ఖతార్ సంగతిలో అది దౌత్యమే, చట్టం కాదు. మిగతాదంతా సరిగ్గానే రాశావు.

నా పక్షానికే అడ్డొచ్చే ఉదాహరణ కూడా పెడతాను. ఉరి పడ్డాక ఐదేళ్లకు మించి నానబెట్టి అప్పుడు ఉరితీయడం అమానుషమని 1993లో లండన్ ప్రివీ కౌన్సిల్ (జమైకాకు ఆఖరి అప్పీలు కోర్టు అదే) జమైకా కేసులో అంది. మంచి మాటే. కానీ ఖైదీలు ఐరాస కమిటీ దాకా వెళ్లి వచ్చేసరికి ఐదేళ్లు దాటిపోతున్నాయని, 1997లో జమైకా ఆ కమిటీకి ఫిర్యాదు చేసుకోనిచ్చే ఒప్పందంలోంచే తప్పుకుంది, మరుసటి ఏడు ట్రినిడాడ్ కూడా. గట్టిగా లాగితే తాడు ఒక్కోసారి చేతిలోకి రాదు, తెగుతుంది. ఆలస్యం గురించి మన సుప్రీంకోర్టు 2014లో తనంతట తాను చెప్పుకున్న తీర్పు మాత్రం నిలిచింది, ఎవరూ తప్పుకోలేదు.

మందుల_రవి (జీడిమెట్ల)

మీరంతా కోర్టుల వెంట పడ్డారు. నేను మత్తుమందుల ఎగుమతి ఫైళ్లు చూసేవాణ్ణి, అమెరికాలో మరణశిక్ష సూదిని ఆపిందెవరో నాకు తెలుసు. గుమాస్తాలు.

నవ్వకండి. థయోపెంటాల్ అనే మత్తుమందు ఆపరేషన్లకూ వాడతారు, అక్కడ శిక్ష అమలుకీ వాడేవారు. అమెరికాలో దాన్ని అమ్మే ఒకే ఒక్క కంపెనీ ఇటలీ ప్లాంటుకి తయారీ మార్చబోతే, శిక్షలకు వాడమని హామీ ఇవ్వండి అంది ఇటలీ. ఇవ్వలేక 2011 జనవరిలో కంపెనీ ఆ మందే ఆపేసింది. నెబ్రాస్కా రాష్ట్రం ముంబై నుంచి తెప్పించుకుంది, అదో రచ్చ. ఆ ఏడాది చివర్లో ఐరోపా యూనియన్ ఇలాంటి మందుల ఎగుమతిని నియంత్రణ జాబితాలో పెట్టింది. 2013లో మిస్సోరీ ప్రొపోఫాల్ అనే ఇంకో ఆపరేషన్ మత్తుమందు వాడబోయింది. అలా చేస్తే ఐరోపా నుంచి ప్రొపోఫాల్ మొత్తం ఆగిపోయి ఆసుపత్రుల్లో ఆపరేషన్లు నిలిచిపోతాయని డాక్టర్లు గగ్గోలు పెడితే గవర్నరే వెనక్కి తగ్గాడు. హేగ్ తీర్పుకి కదలని రాష్ట్రాలు ఇన్‌వాయిస్‌కి కదిలాయి.

నా బల్ల మీదికీ ఒక ఐరోపా కొనుగోలుదారు పంపిన కాగితం వచ్చింది. "ఈ సరుకు మరణశిక్ష అమలుకు వాడం, వాడేవారికి తిరిగి అమ్మం." కింద స్టాంపు, సంతకం. పెట్టాను. ఆ సాయంత్రం బస్సులో కూర్చున్నాక తట్టింది నేను దేని మీద సంతకం పెట్టానో.

డల్లాస్_బాబాయ్

రవి గారూ, కొసరు: మందులకు కటకట వచ్చాక నైట్రోజన్ వాడేందుకు చట్టం చేసుకున్న అలబామా, 2024 జనవరిలో మాస్కు తొడిగి అది పట్టి చంపింది. ఇది ముందడుగో వెనకడుగో మీరే చెప్పండి.

ముషీరాబాద్_మాస్టారు

ఆలస్యంగా వస్తున్నాను, కంటికి శస్త్రచికిత్స అయింది. ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్న చోట ఒకప్పుడు సెంట్రల్ జైలు ఉండేదని కుర్రాళ్లకు తెలియదు. 1975 డిసెంబరు 1న అక్కడే భూమయ్యనూ కిష్టాగౌడ్‌నూ ఉరితీశారు. నక్సలైటు ఉద్యమంలో నడిచిన ఆదిలాబాద్ రైతు బిడ్డలు. ఎమర్జెన్సీ నడుస్తోంది, బతికే హక్కు కోసం కోర్టు తలుపు తట్టడానికే వీల్లేని రోజులు. హక్కుల లాయరు కన్నబిరాన్ గారి వంటివారు అంతకుముందు ఆపించగలిగారు, చివరికి కాలేదు. మీరంటున్న ఆ ఒప్పందం ప్రపంచంలో అమల్లోకి వచ్చింది 1976 మార్చిలో. అంటే నాలుగు నెలల తేడా. ఉండి ఉంటే మాత్రం ఆపేదా? ఆపేది కాదనే నా నమ్మకం. సొంత రాజ్యాంగాన్నే అటకెక్కించినవాళ్లు జెనీవా కాగితం చదువుతారా?

చిలకలూరిపేట బస్సు దహనం కేసు మరొకటి. 1993లో ఇరవై మూడు మంది కాలిపోయారు, దోపిడీకని ఎక్కిన ఇద్దరు దళిత యువకులకు ఉరి. ఒకసారి క్షమాభిక్ష తిరస్కరించారు, 1997లో తేదీ కూడా పడింది. హక్కుల సంఘాలవాళ్లు, రచయితలు, మహాశ్వేతాదేవి కూడా కలిసి మళ్లీ అర్జీ పెట్టించారు, 1998లో రాష్ట్రపతి నారాయణన్ గారు యావజ్జీవంగా మార్చారు. ఐరాస చేసిందేమీ లేదు అందులో. చెప్పులరిగేలా తిరిగిన మనుషులు చేశారు.

నా మాట మాత్రం కృష్ణాతీరం గారి వైపే. ఆ చట్టం ఆపలేకపోయినా, అర్జీలో రాసుకోవడానికి ఒక వాక్యం ఇస్తుంది. బచన్ సింగ్ తీర్పులో 1980లోనే మన న్యాయమూర్తులు ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టుకుని, మన చట్టం దానికి తగ్గట్టే ఉందని చూసుకున్నారు. అలా చూసుకోవాలన్న బెరుకు ఉండటమే చాలు నాకు.

అనంత_లక్ష్మి

మాస్టారూ, నాదొక అడ్డుప్రశ్న. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి వంతెన కాడ దిశ హత్యాచారం కేసు నిందితులు నలుగురిని కాల్చేసినప్పుడు పోలీసుల మీద పూలు చల్లినారు. నేను కూడా ఆ పొద్దు సంతోషపడినా, ఇద్దరు ఆడపిల్లల తల్లిని. 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ అది కావాలని చేసిన కాల్పులేనని తేల్చినాక రెండు రాత్రులు నిద్రపట్టలా. ఆ నలుగురిలో ముగ్గురికి పద్దెనిమిది నిండలేదేమోనని కూడా ఆ నివేదికలో ఉందంట. ఉరికి ఇన్ని నియమాలు అడుగుతాండారే, ఉరే లేకుండా పోయే ప్రాణానికి ఏ చట్టం ఉంది?

లాయర్_పద్మజ (హైదరాబాద్)

అదే 6వ అధికరణ అక్కా, మొదటి పేరానే. ఎవరి ప్రాణమూ ఇష్టారాజ్యంగా తీయరాదని. దాన్ని ఒప్పుకున్నవాళ్లం కూడా మనమే.

సీమబిడ్డ (కర్నూలు)

సరే, నా పట్టు నేను విడవను. ఉరి ఉండాల. అయితే పద్దెనిమిది లోపు పిల్లోళ్లకు వద్దు, చదవనిదాని మీద వేలిముద్ర వద్దు, పరాయి దేశమోడైతే వాళ్ల ఆఫీసుకు చెప్పాల అంటే దానికి నేనేమీ అడ్డం కాదు. ఎత్తేయండి అంటే మాత్రం ఊరుకోను. ఓటు సంగతి ఢిల్లీవాళ్లనే అడగండి.

కృష్ణాతీరం (విజయవాడ)

మీరు ఒప్పుకున్న ఆ మూడూ బయటి చట్టమే చెప్పిందండీ, నవ్వొస్తోంది.

గల్ఫన్న (జగిత్యాల)

చర్చ నడుమ సొంత పని పెడుతున్న, ఏమనుకోకున్రి. మా పెద్దవ్వ కొడుకు సౌదీల లోపలున్నడు, రెండు నెలలైంది. ఏ కేసో తెల్వది. రూంమేట్ ఫోన్ జేసి "ఖతం కేసు అంటున్నరు" అన్నడు, మల్ల ఫోన్ లేపుతలేడు. పద్మజ మేడం, ఏం జేయాలె?

లాయర్_పద్మజ (హైదరాబాద్)

ముందు విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్లో ఈ రాత్రే ఫిర్యాదు నమోదు చేయండి, ఆ నంబరు దాచుకోండి. రియాద్ ఎంబసీకి వేరుగా మెయిల్ పెట్టండి, కాన్సులర్ అధికారి జైలుకెళ్లి కలవాలని స్పష్టంగా అడగండి. తెలుగు దుబాసీ లేకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని అతనికి చెప్పమనండి. పాస్‌పోర్టు కాపీ, ఇఖామా (అక్కడి నివాస కార్డు) నంబరు, కఫీల్ (స్పాన్సరు) పేరు ఉన్నాయా?

గల్ఫన్న (జగిత్యాల)

పాస్‌పోర్టు జిరాక్స్ మా పెద్దవ్వ పెట్టెల ఉన్నది. ఇఖామా తెల్వది. రియాద్ జైలా, దమ్మామా, అదీ తెల్వది.

సీమబిడ్డ (కర్నూలు)

అన్నా, మా మేనమామ కొడుకు దమ్మాంలో డ్రైవరు, పదేళ్ల నుంచి అక్కడే. వానికి జైలుకాడ తెలిసినోళ్లు ఉండారు. నంబరు నీకు విడిగా పంపినా, చూసుకో.